పదకొండో వరుస

బొమ్మ మరీ శుభ్రంగా ఉంది. సారలమ్మకు అనుమానం వచ్చింది అక్కడే.

ప్రింటరు నుంచి వెచ్చగా దిగిన రిపోర్టును ఆమె ల్యాబ్ కిటికీ దగ్గర నిలబడి తిరగేస్తోంది. ముప్పై నాలుగు పేజీలు. శుక్రవారం రివ్యూ కమిటీ వస్తుంది. ప్రాజెక్టు ఇంకో మూడేళ్లు నడవాలా, ఇక్కడితో ఆగాలా అన్నది వాళ్లు తేల్చి పోతారు. ఏడో పేజీలో రెండు తెల్లటి ప్లాస్టిక్ సీసాల బొమ్మ ఉంది. ఒకటి ఖాళీ, రెండోదాంట్లో సగానికి నీళ్లు. మామూలు కంటికి రెండూ ఒకలాగే కనిపించే సీసాలు. ఈ బొమ్మలో మాత్రం నీళ్లున్నంత మేర నల్లగా, లేనంత మేర తెల్లగా ఉంది. కింద 'మా సెన్సర్ తీసిన చిత్రం' అని రాశారు. సీసా మూత చుట్టూ ఉన్న సన్నని గాడులు కూడా లెక్కపెట్టుకోవచ్చు.

తన సెన్సర్ చిప్ ఆ గాడులు చూపించదు. దానికున్నవి అడ్డంగా అరవై నాలుగు, నిలువునా అరవై నాలుగు చుక్కలు. అందులో పైనుంచి పదకొండో వరుస మొదటి రోజు నుంచీ చచ్చిపడి ఉంది. ఏ బొమ్మ తీసినా తల వెంట్రుక అంటుకున్నట్టు అడ్డంగా ఒక నల్లగీత వస్తుంది. ఆ గీతకు సారలమ్మ ఎంత అలవాటు పడిందంటే, అది లేని ఈ బొమ్మ ఎవరో పరాయి మనిషి ముఖంలా అనిపించింది.

కాగితం పట్టుకుని ప్రణీత్ బల్ల దగ్గరికి వెళ్లింది. అతను రెండో సంవత్సరం స్కాలర్. రిపోర్టు కూర్చింది అతనే.

"ఈ బొమ్మ ఎక్కడిది ప్రణీత్?"

"ఏ బొమ్మక్కా?"

"ఏడో పేజీ."

ప్రణీత్ కాగితం వంక చూడలేదు, కంప్యూటర్ తెర వంకే చూస్తున్నాడు. "సార్ పెట్టమన్నారక్కా."

"ఎక్కడ తీసిందని అడుగుతున్న."

"పోయిన నెల హబ్సిగూడలో ఒక ల్యాబ్ వాళ్ల ఇంపోర్టెడ్ కెమెరాతో పోలిక కోసం ఫొటోలు తీసుకొచ్చాను కదా. వాటిల్లోది."

"పోలిక కోసం తెచ్చింది మన పేరు మీదికి ఎట్ల వచ్చింది?"

"నన్నేం అడక్కక్కా ప్లీజ్. నాకు ఇంకా మూడేళ్లు ఉంది ఇక్కడ." అతని చెవులు ఎర్రబడ్డాయి. "పంతొమ్మిదో పేజీ కూడా చూడు. తర్వాత నన్నే అంటావు, చెప్పలేదని."

పంతొమ్మిదో పేజీలో సెన్సర్ ఎన్నాళ్లు మన్నుతుందో రాసి ఉంది. వెయ్యి గంటలు.

సారలమ్మ లాగ్‌బుక్ తెరవాల్సిన అవసరం లేదు. అందులో ఉన్న సంఖ్య ఆమెకు తన హాల్ టికెట్ నంబరంత బాగా గుర్తు. రెండు వందల పన్నెండు.

*

ప్రొఫెసర్ సూర్యనారాయణ ఫోన్లో కమిటీ వాళ్ల గెస్ట్ హౌస్ గదుల సంగతి మాట్లాడుతున్నారు. ఏసీ పనిచేసే గదులే కావాలని రెండుసార్లు చెప్పారు. సారలమ్మ టేబుల్ ముందు నిలబడింది. పేపర్ వెయిట్ కింద తన థీసిస్ ఉంది. నూట నలభై పేజీలు, మూడు నెలలుగా అక్కడే. ఆయన సంతకం పడితే తప్ప అది యూనివర్సిటీలో ఇంకే గదికీ పోదు.

"చెప్పమ్మా," అన్నారాయన ఫోన్ పెట్టేస్తూ.

"ఏడో పేజీల బొమ్మ మనది కాదు సార్."

ఆయన కంగారు పడలేదు. "రిప్రజెంటేటివ్ ఇమేజ్ అది. మన సెన్సర్ ఏం చెయ్యగలదో చూసేవాడికి అర్థం కావాలిగా."

"కింద మన సెన్సర్ తీసిందని ఉన్నది సార్."

"ఫైనల్‌లో మారుద్దాం."

"శుక్రవారం పోయేదే ఫైనల్ కద సార్."

ఆయన కళ్లజోడు తీసి, చొక్కా అంచుతో తుడిచి, మళ్లీ పెట్టుకున్నారు. "సారలమ్మా, ఆ గ్లవ్ బాక్స్ ఇక్కడికి తేవడానికి నేను నాలుగేళ్లు ఢిల్లీ చుట్టూ తిరిగాను. ప్రాజెక్టు ఆగిందనుకో, నైట్రోజన్ సిలిండర్లు ఎవరు తెప్పిస్తారు? రాంచందర్ కాంట్రాక్టు ఎవరు పొడిగిస్తారు? ప్రణీత్‌ని ఎక్కడికి పొమ్మంటావు? అవతల ల్యాబుల వాళ్లందరూ వెయ్యి గంటలు, పదిహేను వందలు అని రాస్తున్నారు. మనం రెండు వందలని రాస్తే లోపలికి కూడా రానివ్వరు."

"మన చిప్ కూడ నీళ్లు చూపిస్తది సార్. గీత ఒకటి వస్తది, అంతే. ఒక్కసారి ల్యాబ్‌కి వచ్చి చూడండి."

"జనవరిలో చూశానుగా. మబ్బు పట్టిన ఎక్స్‌రేలా ఉంది."

"జులై నుంచి బాగొస్తున్నది సార్. మెయిల్ పెట్టిన."

"రివ్యూ అయ్యాక చూద్దాంలే." ఆయన రిపోర్టు చివరి పేజీ తీసి ఆమె వైపు తిప్పారు. 'డేటాను సరిచూసినవారు' అన్న మాట కింద ఆమె పేరు అచ్చయి ఉంది. పక్కన పెన్ను పెట్టారు. "సంతకం పెట్టు. రేపు బైండింగ్‌కి వెళ్లాలి."

"వెయ్యి గంటలు కాలేదు సార్."

"అది అంచనా."

"అంచనా అని రాయలేదు."

ఆయన గొంతు పెంచలేదు. పేపర్ వెయిట్‌ను కాస్త పక్కకు జరిపారంతే. "ఇక్కడ ఏముందో తెలుసుగా?"

"తెలుసు సార్."

"మరి?"

సారలమ్మ పెన్ను తీసింది. ఆయన చూస్తుండగానే దానికి మూత పెట్టి, పేజీ మీద అడ్డంగా పడుకోబెట్టింది.

"నేను పెట్టను సార్."

 ఆమె తలుపు దగ్గరగా వేసి మెట్లు దిగింది.

*

లాలాగూడ క్వార్టర్ ముందు రాజలింగం స్కూటర్‌ను ఒక పక్కకు వాల్చి ప్లగ్గు విప్పుతున్నాడు. రైల్వే వర్క్‌షాపులో బోగీల బ్రేకులు చూసే పని ఆయనది. ఇంటికి వచ్చాక కూడా ఆ చేతులు ఊరుకోవు. సారలమ్మ మెట్టు మీద కూర్చుని జరిగిందంతా చెప్పింది. ఆయన ప్లగ్గును గరుకు కాగితంతో రుద్దుతూ విన్నాడు.

"ఐదేండ్లాయె బిడ్డా," అన్నాడు చివరికి. "సంతకమే కద. పెట్టి బయటపడు. నువ్వు పెట్టకుంటె ఇంకొకడు పెడ్తడు."

"బ్రేకు పట్టని బోగీకి నువ్వు ఫిట్ అని రాస్తవా బాపూ?"

"అది మనుషులెక్కేది. ఇది ఫొటో."

"ఈ ఫొటో చూసి, వెయ్యి గంటలు నడుస్తదని నమ్మి, ఇంకెవరో దీని మీద ఇంకోటి కడ్తరు. అది ఆగిపోతే తప్పు ఎక్కడున్నదో వాళ్లు ఏండ్లకేండ్లు ఎతుక్కుంటరు. వాళ్ల దాంట్లనే ఎతుక్కుంటరు. మా దాంట్ల ఉన్నదని వాళ్లకెట్ల తెలుస్తది?"

రాజలింగం ప్లగ్గును వెలుతురుకు ఎత్తి చూశాడు. ఊదాడు. మళ్లీ చూశాడు.

"మీ సారు చెడ్డోడా?"

సారలమ్మ ఆలోచించింది. తనకు డెంగీ వచ్చినప్పుడు ఆస్పత్రికి కారులో తీసుకుపోయింది ఆయనే. "కాదు బాపూ. గదే నాకు బాధైతున్నది."

లోపలి నుంచి అమ్మ అన్నానికి పిలిచింది. రాజలింగం ప్లగ్గు బిగించి లేచాడు. తెల్లారి సారలమ్మ బస్సుకు బయలుదేరబోతుంటే గేటు దగ్గర స్కూటర్ స్టార్ట్ అయింది. "ఎక్కు," అన్నాడు. ఎప్పుడైనా ఎక్కించుకున్నా తార్నాక చౌరస్తాలోనే దించేసి వర్క్‌షాపుకు పోయే మనిషి, ఆ రోజు క్యాంపస్ లోపలికి, రాళ్లగుట్టల పక్క రోడ్డు మీదుగా డిపార్ట్‌మెంట్ మెట్ల దాకా వచ్చాడు. బండి దిగకుండానే తల ఎత్తి భవనాన్ని చూశాడు.

"ఏ కిటికీ మీది?"

"రెండో అంతస్తు. ఆఖరిది."

ఆయన వేలితో కిటికీలు లెక్కపెట్టుకుని, తల ఊపి, బండి తిప్పుకుని వెళ్లిపోయాడు.

*

చిప్ మీది పూత పాతబడింది. రెండు వందల పన్నెండు గంటలకు దాని చూపు సగానికి పడిపోయింది. ఇప్పుడు మూడు వందలు దాటింది. ఎవరికైనా చూపించాలంటే పాతది కడిగేసి కొత్త పూత వెయ్యాలి. ఆ పని చెయ్యమని సారలమ్మకు ఎవరూ చెప్పలేదు. వద్దని కూడా ఎవరూ చెప్పలేదు. మంగళవారం పొద్దున్నే ఆమె తెల్లకోటు వేసుకుని జుట్టు ముడేసుకుంది.

ఫోన్ కెమెరాలు సిలికాన్‌తో చూస్తాయి. ఎరుపు రంగు దాటి కొంత దూరం పోయాక ఇంకా వెలుతురు ఉంటుంది కానీ సిలికాన్‌కు అది చీకటే. అక్కడ చూడాలంటే సిలికాన్ మీద వేరే కళ్లు అతికించాలి. సారలమ్మ ఆ కళ్లను సీసం, గంధకం కలిపి చేస్తుంది. నువ్వుగింజ పొడవున వరుసగా పేర్చాలంటే ఐదు లక్షలు పట్టేంత చిన్న రేణువులు అవి. రేణువు సైజును బట్టి దానికి కనిపించే వెలుతురు మారుతుంది. నీళ్లు నల్లబడే వెలుతురు కావాలంటే ఒక్కటే సైజు. కాస్త పెరిగినా తరిగినా ఆ బ్యాచ్ పారబొయ్యడమే.

"సార్‌కి ఎరికైతే?" అన్నాడు రాంచందర్. యాభై దాటిన ల్యాబ్ టెక్నీషియన్. నైట్రోజన్ సిలిండర్ నుంచి వాక్యూమ్ పంపు దాకా ఆ గదిలో అన్నీ ఆయన చేతి మీదే నడుస్తాయి.

"ఎరికైతది అన్నా. నేను దాస్తలేను."

"మార్చిల నా కాంట్రాక్ట్ ఉన్నది బిడ్డా."

"నువ్వు టిఫిన్‌కి పో అన్నా. నేను చేసుకుంట."

"ఒక్కదానివి సిలిండర్ ఎట్ల తిప్పుతవ్?" అంటూ ఆయన స్పానర్ అందుకున్నాడు.

గాజు కుప్పెలో సీసం ద్రావణం వేడెక్కింది. నీళ్లలా తేటగా ఉంది. సారలమ్మ సిరంజి ఎత్తి, గడియారం వంక చూసి, గంధకపు మందును ఒక్క ఊపులో లోపలికి తోసింది. తేట నీరు డికాషన్ రంగుకు తిరిగింది. మూడు ఊపిరుల్లో బెల్లంపాకంలా నల్లబడింది. ఆమె కనుబొమ్మ కదిలింది. అంతే, రాంచందర్ హీటర్ లాగేసి మంచునీళ్ల గిన్నెను కుప్పె కిందికి నెట్టాడు. ఆ ఇద్దరి మధ్య ఆ క్షణంలో మాట అక్కర్లేదు. అర నిమిషం ఆలస్యమైతే రేణువులు పెరిగిపోతాయి.

బుధవారమంతా పూతలు వేశారు. గ్లవ్ బాక్స్ అనే, నైట్రోజన్ నింపిన గాజు పెట్టెలోకి రబ్బరు తొడుగుల గుండా చేతులు పెట్టి, చిప్ మీద ఒక చుక్క వేసి, గిర్రున తిప్పి, రేణువులను దగ్గర చేసే మందు మరో చుక్క వేసి, ఆగి, కడిగి, ఆరబెట్టాలి. అది ఒక పూత. అట్లాంటివి పన్నెండు. ఆ మందు వాసన కుళ్లిన వెల్లుల్లిలా వరండా దాకా కొడుతుంది. పక్క ల్యాబ్ వాళ్లు తలుపులు దబదబా వేసుకున్నారు. తొమ్మిదో పూత దగ్గర ఒక మూల సన్నని పగులు కనిపించింది. సారలమ్మ తొడుగుల్లోంచి చేతులు తీసి, చెమట పట్టి ముడతలు పడ్డ వేళ్లను కాసేపు చూసుకుంది. తర్వాత మొత్తం కడిగేసి ఒకటో పూతతో మళ్లీ మొదలుపెట్టింది.

గురువారం మధ్యాహ్నానికి తెర మీద సీసా వచ్చింది. సగం నల్లగా, సగం తెల్లగా, మీద అడ్డంగా వెంట్రుక గీత. రాంచందర్ ఫోన్ తీసి ఆ తెరకు ఫొటో తీసుకున్నాడు.

నాలుగింటికి ప్రణీత్ ఒక అట్ట పట్టుకుని వచ్చాడు. 'సర్వీసింగ్‌లో ఉంది, ముట్టరాదు' అని పెద్ద అక్షరాలతో అచ్చయి ఉంది. తాడు కూడా కట్టి ఉంది. "సార్ ఇచ్చారు," అన్నాడు రాంచందర్‌తో, సారలమ్మ వైపు తిరగకుండా. "రేపు కమిటీ వచ్చేసరికి అక్క సెటప్‌కి ఇది ఉండాలట."

రాంచందర్ అట్టను తీసుకుని గోడకు ఆనించాడు. "చెప్పు, పెడ్తనని."

*

శుక్రవారం సెమినార్ హాల్లో సారలమ్మ చివరి వరుసలో కూర్చుంది. స్లైడ్లు ప్రణీత్ చూపించాడు. సరిచూసినవారి పేరు కూడా రిపోర్టులో ఇప్పుడు అతనిదే. ఏడో స్లైడ్ దగ్గర అతని గొంతు తొందరపడింది. కమిటీలో ముగ్గురున్నారు. అధ్యక్షురాలు కమలాదేవి రిటైరైన శాస్త్రవేత్త. కత్తిరించిన నెరిసిన జుట్టు, నేతచీర, దాని కింద స్పోర్ట్స్ షూస్. ఆమె ఏమీ అడగకుండా కాగితం మీద ఏదో రాసుకుంటూ పోయింది.

టీ అయ్యాక ల్యాబ్ చూడటానికి బయలుదేరారు. పది నిమిషాల మర్యాద అది. గాజు పెట్టె ముందు ఒక ఫొటో, రెండు మెచ్చుకోలు మాటలు. వరండాలో కమిటీ సభ్యుడొకాయన నీళ్లు తాగుదామని వాటర్ కూలర్ దగ్గరికి పోయి, గ్లాసు అక్కడే పెట్టేసి వెనక్కి వచ్చాడు. కూలర్ మెడలో అట్ట వేలాడుతోంది. 'సర్వీసింగ్‌లో ఉంది, ముట్టరాదు.'

సూర్యనారాయణ ఆగిపోయారు. తలుపు పక్కన చేతులు కట్టుకుని నిలబడ్డ రాంచందర్ వైపు చూశారు.

"బోర్డు పెట్టుమన్నరు కద సార్," అన్నాడు రాంచందర్. "పెట్టిన."

అప్పటికే కమలాదేవి లోపలికి వెళ్లిపోయింది. బల్ల మీద దీపం వెలుగుతోంది. దాని ముందు రెండు తెల్ల సీసాలు, ఎదురుగా చిప్. పక్కన సారలమ్మ.

"ఇది నడుస్తోందా?" అంది కమలాదేవి.

"నడుస్తున్నది మేడం."

కమలాదేవి సీసాలను చూసింది కానీ వాటిని ముట్టుకోలేదు. తన చేతిసంచి తెరిచి, అడుగు నుంచి అసిడిటీ మందు సీసా తీసింది. దళసరి తెల్ల ప్లాస్టిక్. "దీంట్లో ఎంత మిగిలిందో నాకూ తెలీదు. నీ సెన్సర్ చెప్తుందా?"

సారలమ్మ సీసాను రెండు చేతులతో అందుకుని దీపం ముందు నిలబెట్టింది. మీట నొక్కింది. మూడు సెకన్లు. తెర మీద చుక్కలు చుక్కలుగా సీసా ఆకారం వచ్చింది. అడుగున వేలెడు మందాన నలుపు.

"ఇంకో రెండు రోజులకు వస్తది మేడం."

కమలాదేవి మూత తిప్పి లోపలికి చూసింది. నవ్వింది. వెనక ఎవరో కూడా నవ్వారు. అందరూ తెర దగ్గరికి జరిగారు. సూర్యనారాయణ అందరికంటే ముందు జరిగారు. ఆయన ముఖం తెరకు జానెడు దూరంలో ఉంది. కళ్లజోడు నుదుటి మీదికి ఎక్కింది.

"ఎన్ని సెకన్లు ఇచ్చావు?"

"మూడు సార్."

"పూతలు?"

"పన్నెండు."

"జనవరిలో ఇట్లా లేదే," అన్నారు ఎవరికీ కాకుండా. "అంచు చూడు, ఎంత బాగా విడిపోయిందో." ఆయన వేలు తెర మీద నలుపూ తెలుపూ కలిసే చోట నిలిచింది.  ఐదేళ్ల కింద మొదటి రోజు తనకు క్వాంటం పాఠం చెబుతూ సుద్దముక్క పట్టుకున్న మనిషిని సారలమ్మ చాలా కాలానికి చూసింది. 

సరిగ్గా అప్పుడే కమలాదేవి అడిగింది. "ఈ గీతేంటి?"

"పదకొండో వరుస మేడం. చిప్ వచ్చినప్పటి నుంచీ పనిచెయ్యది."

"మరి పొద్దున స్లైడ్‌లో లేదే?"

 ప్రణీత్ నేల చూస్తున్నాడు. "అదీ మేడం, ఇమేజ్ ప్రాసెసింగ్‌లో..." అని మొదలుపెట్టి సూర్యనారాయణ సారలమ్మ వైపు చూశారు. ఆ చూపులో హుకుం లేదు. ఇంతకుముందు తెరను చూసినప్పటి సంతోషమే ఇంకా కళ్లలో మిగిలి ఉంది. అదే కష్టమైంది ఆమెకు. కోపంగా చూసి ఉంటే సులువుగా ఉండేది.

నాలుగు రోజులుగా ఆమె మనసులో పెద్ద సంజాయిషీ తయారుచేసుకుంది. నోట్లోంచి వచ్చింది మాత్రం చిన్నది.

"ఆ బొమ్మ ఈ చిప్ తీసింది కాదు మేడం. బయటి కెమెరా తీసింది. ఈ చిప్ తీసేది ఇది."

"వెయ్యి గంటలు?"

"రెండు వందల పన్నెండు." ఆమె లాగ్‌బుక్ తెరిచి బల్ల మీద పెట్టింది.

కమలాదేవి పేజీలు తిప్పింది. తొందరపడలేదు. ప్రతి పేజీ అడుగున రెండు సంతకాలున్నాయి. ఒకటి సారలమ్మది, ఒకటి రాంచందర్‌ది. పగిలిన పూతలు, పారబోసిన బ్యాచ్‌లు అన్నీ ఉన్నాయి. ఆమె పుస్తకం మూసి తిరిగింది.

"సూర్యనారాయణ గారూ?"

ఆయన నుదుటి మీది కళ్లజోడును కిందికి దించుకున్నారు. దానికి చాలాసేపు పట్టింది.

"అమ్మాయి చెప్పింది నిజం," అన్నారు. "ఇది ఇట్లా వస్తోందని నాకు తెలీదు మేడం."

"అబద్ధం రాయడం ఒక ఎత్తు," అంది కమలాదేవి. "మీ ల్యాబ్‌లో నిజం ఇంత బాగుందని మీకే తెలీకపోవడం నన్ను ఎక్కువ భయపెడుతోంది."

ఆమె మందు సీసాను సంచిలో వేసుకుని బయటికి నడిచింది.

*

బుధవారం ఉత్తరం వచ్చింది. అడిగింది మూడేళ్లు, ఇచ్చింది ఒక్క ఏడాది. రిపోర్టు తిరిగి రాయాలి. బొమ్మలు ఈ చిప్ తీసినవే ఉండాలి, లాగ్‌బుక్ నకళ్లు జతచెయ్యాలి, సంతకం పెట్టినవాళ్లు రాతపూర్వకంగా సంజాయిషీ ఇవ్వాలి.

క్యాంటీన్‌లో సారలమ్మ కూర్చున్న బల్ల నుంచి ఇద్దరు స్కాలర్లు టీ గ్లాసులు తీసుకుని వేరే బల్లకు మారారు. ఒకడు వినపడేలాగే అన్నాడు, "నోటికాడికి వచ్చిన కూడు గుంజుకున్నది" అని. ఆమె మిర్చీబజ్జీని మధ్యకు తుంచి, ఆవిరి పోయేదాకా ఊది, పూర్తిగా తినే లేచింది. ప్రణీత్ మెట్ల దగ్గర కాచుకుని ఉన్నాడు.

"సంజాయిషీ ఎట్లా రాయాలక్కా?"

"జరిగింది జరిగినట్టు రాయి."

"సార్ పేరు కూడానా?"

"నీ పేరుతోని మొదలుపెట్టు. తర్వాత ఏం రాయాలో నీకే తెలుస్తది."

రాంచందర్‌ను మాత్రం ఆమె అడగలేకపోయింది. ఆయనే అన్నాడు, సిలిండర్ మీటరు చూస్తూ. "మార్చికి ఇంక చానా దినాలున్నయి తియ్యి."

సోమవారం పదిన్నరకు ఆమె ప్రొఫెసర్ గది తలుపు తట్టింది. పది రోజులుగా ఆయన ఆమెతో మాట్లాడలేదు. వరండాలో ఎదురైతే ఫోన్ చూసుకుంటూ పోయేవారు. థీసిస్ పేపర్ వెయిట్ కిందే ఉంది.

"కూర్చో," అన్నారాయన. తర్వాత కిటికీ వైపు తిరిగి, "నువ్వు నాకు ముందే చెప్పాల్సింది," అన్నారు. "నలుగురి ముందు కాదు."

"చెప్పిన సార్. మీ ఒక్కరికే చెప్పిన, ఇదే గదిల. వచ్చి చూడమని కూడ అడిగిన."

ఆయన డ్రాయర్ తెరిచి ఒక ఫారం తీశారు. "గైడ్ మార్పు ఫారం. నింపుకుని తీసుకురా. నేను అభ్యంతరం పెట్టను. ఇంకొకరి దగ్గర నీకు తేలిగ్గా ఉంటుంది."

సారలమ్మ ఫారాన్ని చూసింది. ఆయన సంతకం అప్పటికే దాని మీద ఉంది. దయ అనుకోవాలో, తలుపు చూపించడమనుకోవాలో తెలియలేదు. దాన్ని తిరిగి ఆయన ముందుకు తోసింది.

"మారను సార్. ఈ పని మీ ల్యాబ్‌ల చేసిన. పాఠం మీరు చెప్పిన్రు. మీరే సంతకం పెట్టాలె."

"పెడతాను. ఇటివ్వు." ఆయన విసురుగా పెన్ను అందుకుని థీసిస్ మొదటి పేజీ లాగారు.

సారలమ్మ పేజీ మీద అరచెయ్యి పెట్టింది. "ఊకె కాదు సార్. చదివి పెట్టాలె."

గదిలో ఫ్యాన్ తిరుగుతోంది. సూర్యనారాయణ ఆ చేతిని చూశారు. మందుల మరకలు పడి, గోళ్ల అంచులు నల్లబారిన చెయ్యి. ఆమె దాన్ని తియ్యలేదు. ఆయన కోప్పడతారనుకుంది, బయటికి పొమ్మంటారనుకుంది. అన్నిటికీ సిద్ధపడే వచ్చింది. ఆయన పెన్నుకు మూత పెట్టారు.

"నూట నలభై పేజీలు," అన్నారు.

"అవును సార్."

"ఇప్పుడేనా?"

"నాకు వేరే పని లేదు సార్."

ఆయన కళ్లజోడు సరిచేసుకుని చదవడం మొదలుపెట్టారు. మొదట పేజీలు కోపంగా తిరిగాయి. ఇరవయ్యో పేజీ దగ్గర నెమ్మదించాయి. పన్నెండింటికి ఎవరో తలుపు తీశారు, ఆయన తల ఎత్తకుండానే చెయ్యి ఊపి పంపేశారు. ఫోన్ రెండుసార్లు మోగి ఆగిపోయింది. సారలమ్మ కుర్చీలోంచి కదల్లేదు. లంచ్ గంట దాటింది.

అరవై ఒకటో పేజీలో ఆయన ఆగారు. వెనక్కి రెండు పేజీలు తిప్పి, ముందుకు వచ్చి, మళ్లీ చూశారు.

"నీళ్లు నల్లబడేది పద్నాలుగు వందల యాభై నానోమీటర్ల దగ్గర కదా?"

"అవును సార్."

"ఇక్కడ పదిహేను వందల నలభై అని కొట్టావు. టేబుల్‌లో కూడా అదే పడింది."

సారలమ్మ కుర్చీ ముందుకు జరుపుకుని చూసింది. నాలుగూ ఐదూ తారుమారయ్యాయి. ఎన్నిసార్లు చదివిందో, ఒక్కసారీ కనిపించలేదు. చెవులు వేడెక్కాయి.

"తప్పే సార్," అంది.

ఆయన పెన్ను తీసి ఆమెకిచ్చారు. ఆమె తప్పును అడ్డంగా కొట్టేసి, పక్కన సరైన సంఖ్య రాసి, తేదీ వేసి సంతకం పెట్టింది. టేబుల్‌లో కూడా దిద్దింది. పుస్తకాన్ని మళ్లీ ఆయన వైపు తిప్పింది.

"ఇంకా డెబ్బై తొమ్మిది పేజీలున్నయి సార్."